దోషి కాకముందే క్షమాభిక్ష దొరుకుతుందా?

2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. అందులో 35 రోజులు సింగరేణి కార్మికులు బొగ్గు బాయి దిగలేదు. తెలంగాణ అంతటా వేలమంది రోడ్లెక్కారు, రైళ్లు ఆపారు, కేసులు మోశారు. ఆ కేసుల్లో ఒక తేడా చాలామందికి తర్వాతెప్పుడో, వాయిదాలకు తిరిగేటప్పుడు గాని తెలియలేదు. బసంత్‌నగర్ మీదుగా పోయే రాజీవ్ రహదారిపై బైఠాయిస్తే పడేది రాష్ట్ర పోలీసుల కేసు. రామగుండం గుండా పోయే కాజీపేట–బల్లార్షా మార్గంలో పట్టాల మీద కూర్చుంటే వర్తించేది 1989 నాటి రైల్వే చట్టం. దాని 174వ సెక్షన్ ప్రకారం 2 ఏళ్ల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నినాదం ఒకటే అయినా చట్టాలు రెండు. ఒకటి రాష్ట్రం చేతిలో ఉంది, రెండోది కేంద్రం చేతిలో ఉంది.

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. ఉద్యమ కేసుల ఎత్తివేతకు రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. రైల్వే కేసులు మాత్రం అంత తేలిగ్గా కదల్లేదు. తొమ్మిదిన్నరేళ్లు ముఖ్యమంత్రిగా ఉన్న కేసీఆర్ కూడా 2011 నాటి రైల్‌రోకో కేసు మీద 2024 జూన్‌లో హైకోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది. ఆయన పరిస్థితే అదైతే మామూలు కార్మికుడి సంగతి చెప్పనక్కర్లేదు.

అందుకే సింగరేణి ప్రాంతంలో ఈ ప్రశ్న ఊరికే పుట్టింది కాదు: తీర్పు రాకముందే రాష్ట్రపతి క్షమించేస్తే కేసు పోదా? అమెరికాలో అధ్యక్షులు అలాగే చేస్తున్నారు కదా?

అమెరికాలో చేస్తున్న మాట నిజం. 1974 ఆగస్టు 9న నిక్సన్ రాజీనామా చేస్తే, నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 8న, ఫోర్డ్ ఆయన్ను పూర్తిగా క్షమించాడు. అప్పటికి నిక్సన్ మీద అభియోగపత్రం కూడా లేదు. 2024 డిసెంబర్ 1న బైడెన్ తన కుమారుడు హంటర్‌కు ఇచ్చిన క్షమాభిక్ష 2014 జనవరి 1 నుంచి ఆ రోజు వరకు, అంటే దాదాపు 11 ఏళ్ల కాలానికి వర్తించింది. 2025 జనవరి 20న, పదవి దిగుతున్న రోజున, ఏ కేసూ లేని ఆంథోనీ ఫౌచీ లాంటివాళ్లకు కూడా బైడెన్ ముందస్తు క్షమాపణ రాసిచ్చాడు. వాళ్ల రాజ్యాంగంలో ఉన్నది అమెరికా సమాఖ్యకు వ్యతిరేకంగా చేసిన నేరాలను క్షమించే అధికారం. దోషిగా తేలి ఉండాలన్న షరతు అందులో లేదు. నేరం జరిగిన తర్వాత ఎప్పుడైనా, కేసు పెట్టకముందైనా క్షమించవచ్చని వాళ్ల సుప్రీంకోర్టు 1867లోనే గార్లాండ్ కేసులో చెప్పింది. అయితే అక్కడ కూడా రాష్ట్రాల చట్టాల కింద నడిచే కేసుల్లో అధ్యక్షుడి సంతకం చెల్లదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లల మీద రాష్ట్ర కోర్టులో కేసు ఉంటే వైట్‌హౌస్‌కు చేసే విజ్ఞప్తి వల్ల ఉపయోగం లేదు.

ఇక మన సంగతి. రాజ్యాంగంలో చూడాల్సిన అధికరణలు రెండు: 72, 161. మొదటిది రాష్ట్రపతిది, రెండోది గవర్నర్‌ది. 72 కింద రాష్ట్రపతి చేయి వేయగలిగేవి సైనిక న్యాయస్థానం వేసిన శిక్షలు, కేంద్రం అధికార పరిధిలోని చట్టాల కింద పడ్డ శిక్షలు, ఏ చట్టం కిందైనా సరే పడ్డ ఉరిశిక్షలు. 161 కింద గవర్నర్‌కు మిగిలేవి రాష్ట్ర పరిధిలోని చట్టాల కింద పడ్డ శిక్షలు. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నట్టే కరుణలోనూ ఇద్దరికీ పంపకం ఉంది. కాకపోతే ఇక్కడ శాతాలుండవు, ఏ చట్టం కింద శిక్ష పడిందన్నదే హద్దు. పట్టాల మీద కూర్చున్న కేసులో శిక్ష పడితే వెళ్లాల్సింది రాష్ట్రపతి దగ్గరికి. గవర్నర్‌కు అందులో అధికారం లేదు.

రెండు అధికరణల్లోనూ ఒకే షరతు ఉంది. క్షమాపణ పొందే వ్యక్తి అప్పటికే ‘దోషిగా నిర్ధారణ అయినవాడు’ అయి ఉండాలి. రాజ్యాంగ నిర్మాతల ముందు అమెరికా రాజ్యాంగం ఉంది, బ్రిటిష్ రాజు విశేషాధికారాల చరిత్రా ఉంది. అంత విశాలమైన అధికారాన్ని తెలిసి తెలిసి వాళ్లు ఈ మాటతో కుదించారు. కాబట్టి సూటిగా సమాధానం చెప్పాలంటే, భారత రాష్ట్రపతి 72 కింద తీర్పుకు ముందు క్షమాభిక్ష ఇవ్వలేరు.

అయినా న్యాయశాస్త్ర పుస్తకాల్లో దీనికి ఎదురు వాక్యం ఒకటి కనిపిస్తుంది. ‘విచారణకు ముందైనా, మధ్యలోనైనా, తర్వాతైనా క్షమించవచ్చు’ అన్నది ఆ వాక్యం. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు దాన్ని బట్టీ పడతారు. అది వచ్చింది ఒక తెలుగు కేసులోంచి, దాని పూర్వాపరాలు తెలిస్తే ఆ వాక్యం బరువెంతో తెలుస్తుంది.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి, చందూలాల్ త్రివేది గవర్నర్. కొత్త రాష్ట్రం పుట్టిన సందర్భంగా ఖైదీలకు క్షమాభిక్ష ప్రకటించారు. ఆ సమయంలో మద్రాసు హైకోర్టు ముందు చన్నుగాడు కేసుగా పేరుపడిన హత్య కేసు ఉంది. సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది. అయితే సెషన్స్ కోర్టు వేసిన ఉరిని హైకోర్టు ఖాయం చేస్తేగాని అమలు చేయరాదు, ఈ నియమం ఇప్పటికీ ఉంది. హైకోర్టు ఇంకా ఖాయం చేయలేదు. ఈ దశలో గవర్నర్ దయ పనికొస్తుందా? హైకోర్టు విచారణలో ఉన్న శిక్షను కార్యనిర్వాహక వర్గం ముట్టుకోవచ్చా? 1954లో మద్రాసు హైకోర్టు ముట్టుకోవచ్చనే చెప్పింది. అలా చెబుతూ, అమెరికా సిద్ధాంతాన్ని అందుకుని, నేరం జరిగాక ఎప్పుడైనా ఈ అధికారాన్ని వాడవచ్చంటూ విశాలంగా వ్యాఖ్యానించింది.

ఇక్కడ ఆగి చూడాలి. ఆ కేసులో నిందితులు అప్పటికే దోషులు. సెషన్స్ కోర్టు తీర్పు వచ్చేసింది, మిగిలింది పైకోర్టు ముద్ర మాత్రమే. హైకోర్టు తేల్చాల్సిన ప్రశ్న తీర్పు తర్వాతి దశకు సంబంధించినది. తీర్పుకు ముందు క్షమించవచ్చా అన్న ప్రశ్న ఆ కోర్టు ముందు లేనే లేదు. తేల్చాల్సిన అవసరం లేని విషయం మీద న్యాయమూర్తులు దారిలో అన్న మాటకూ, కేసును తేల్చిన మాటకూ బరువు ఒకటి కాదు. డెబ్భై ఏళ్లుగా ఆ వాక్యాన్ని దాని సందర్భం నుంచి విడదీసి చెబుతున్నారు. అధికరణలో ఉన్న మాటను పక్కన పెట్టి దాన్ని ముందుకు తేవడం సరికాదని నా గట్టి నమ్మకం.

ఆరేళ్ల తర్వాత నానావతి కేసు ఇంకో గీత గీసింది. 1960 మార్చి 11న బొంబాయి హైకోర్టు నౌకాదళ అధికారి నానావతికి యావజ్జీవం వేసింది. అదే రోజు గవర్నర్ శ్రీప్రకాశ ఆ శిక్షను నిలిపేశారు. సుప్రీంకోర్టులో వేయబోయే అప్పీలు తేలేదాకా మామూలు జైలుకు పోనక్కర్లేదు, నౌకాదళ కస్టడీలోనే ఉండవచ్చన్నది దాని సారం. 1960 సెప్టెంబర్ 5న సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. పూర్తి క్షమాపణ ఇవ్వదలిస్తే అప్పీలు నడుస్తున్నా ఇవ్వవచ్చు గాని, తన ముందు కేసు ఉన్నంతకాలం శిక్షను నిలిపివేసే పని తనదేనని చెప్పింది. ఐదుగురు న్యాయమూర్తుల్లో ఒకరు మాత్రమే విభేదించారు. ఈ కేసులోనూ తీర్పు ముందు వచ్చింది, దయ తర్వాత వచ్చింది.

1988లో కేహర్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త స్పష్టంగా చెప్పింది. రాష్ట్రపతి సాక్ష్యాలను స్వయంగా పరిశీలించి కోర్టుకు భిన్నమైన అభిప్రాయానికి రావచ్చు. అంతమాత్రాన కోర్టు రికార్డు మారదు, తీర్పు తీర్పుగానే ఉంటుంది, దాని ఫలితం మాత్రమే తగ్గుతుంది. తీర్పే లేనప్పుడు ఏ ఫలితాన్ని తగ్గిస్తారు?

తీర్పు తర్వాత వచ్చే ఈ కరుణ మన నేల మీద ఎలా పనిచేసిందో చూస్తే గర్వపడే సందర్భాలూ ఉన్నాయి, తలవంచుకునేవీ ఉన్నాయి. ఆదిలాబాద్ జిల్లా పోరాటాల్లో ఉరిశిక్ష పడ్డ భూమయ్య, కిష్టాగౌడ్‌ల విజ్ఞప్తిని రాష్ట్రపతి తోసిపుచ్చారు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ముందుకు వచ్చిన వాళ్ల పిటిషన్ కూడా నిలబడలేదు. ఎమర్జెన్సీ చీకట్లో, 1975 డిసెంబర్ 1న, ముషీరాబాద్ జైలులో ఇద్దరినీ ఉరితీశారు. గోదావరికి ఈవల ఉన్న బొగ్గు బాయిల్లో ఆ పేర్లు ఇప్పటికీ వినిపిస్తాయి. 1993 మార్చి 8న చిలకలూరిపేట బస్సు దహనంలో 23 మంది చనిపోయారు. ఆ కేసులో ఇద్దరు దళిత యువకులకు ఉరి పడింది. మొదటి విజ్ఞప్తిని శంకర్‌దయాళ్ శర్మ తిరస్కరించారు. 1997 మార్చిలో ఉరి తేదీ కూడా ఖరారైంది, సుప్రీంకోర్టు చివరి గడియలో ఆపింది. పౌరహక్కుల సంఘాలు, మహాశ్వేతాదేవి వంటి రచయితలు నిలబడి పోరాడారు. 1998లో కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. కేసు అదే, నేరం అదే, రాష్ట్రపతి మారారు. ఒక మనిషి ప్రాణం రాష్ట్రపతి భవన్‌లో ఎవరున్నారన్న దాని మీద ఆధారపడటం ఈ అధికారంలో అన్నిటికన్నా భయపెట్టే సంగతి.

దయ దారి తప్పితే ఏమవుతుందో కూడా తెలుగు కేసే చూపించింది. 10 ఏళ్ల శిక్ష పడ్డ కర్నూలు జిల్లా కాంగ్రెస్ నాయకుడు గౌరు వెంకటరెడ్డికి 2005 ఆగస్టులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నర్ మిగిలిన శిక్షను మాఫీ చేశారు. ప్రభుత్వానికి అందిన నివేదికల్లో ఆయన మంచి కాంగ్రెస్ కార్యకర్త అన్న సిఫారసు ఉంది. 2006 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ మాఫీని కొట్టేసింది. కులం, మతం, పార్టీ విధేయత చూసి దయ చూపడం చెల్లదని తేల్చింది. ఏపూరు సుధాకర్ కేసుగా ఇది దేశమంతటా ఉదాహరణ అయింది. శిక్ష పడి, రికార్డు మొత్తం బయట ఉన్న కేసులోనే ఇంత జరిగింది. ఇక సాక్ష్యం నమోదు కాకముందే క్షమించే అధికారం ఉంటే మన రాజకీయాల్లో దాన్ని ఎవరికి వాడేవారో ఊహించుకోవచ్చు. బాధితుడి కుటుంబం కోర్టు మెట్లెక్కి ఏం జరిగిందో చెప్పుకునే అవకాశం కూడా మిగలదు. మన రాజ్యాంగం ఇక్కడ సరైన చోటే ఆగిందనిపిస్తుంది.

అంటే తీర్పుకు ముందు తలుపులన్నీ మూసుకున్నాయని కాదు. రాష్ట్రపతి భవన్‌కు దూరంగా, జిల్లా కోర్టులోనే రెండు తలుపులున్నాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో వాటి నంబర్లు 343, 360.

343 అప్రూవర్‌కు సంబంధించినది. మన చట్టంలో తీర్పుకు ముందు ‘క్షమాపణ’ అన్న పేరుతో ఉన్నది ఇదొక్కటే. సెషన్స్ కోర్టు మాత్రమే విచారించే నేరాల్లో, లేదా 7 ఏళ్లు, అంతకు మించి శిక్ష ఉన్న నేరాల్లో, తనకు తెలిసినదంతా దాచకుండా చెబుతానన్న నిందితుడికి మేజిస్ట్రేట్ దీన్ని ఇస్తారు. కేసు సెషన్స్ కోర్టుకు చేరాక 344 కింద ఆ కోర్టే ఇవ్వవచ్చు. వై.ఎస్. వివేకానందరెడ్డి 2019 మార్చి 15న హత్యకు గురైన కేసులో నిందితుడు దస్తగిరికి 2021 నవంబర్‌లో కడప కోర్టు ఇచ్చింది ఇలాంటిదే, పాత నేర ప్రక్రియా స్మృతిలోని 306 కింద. ఇది దయ కాదు, బేరం. అబద్ధం చెప్పినా, ఏదైనా దాచినా 345 కింద క్షమాపణ పోతుంది, అసలు నేరానికే విచారణ జరుగుతుంది.

360 కేసు ఉపసంహరణ. పాత స్మృతిలో ఇది 321. తెలంగాణ ఉద్యమ కేసుల ఎత్తివేత నడిచింది ఈ దారినే. ముఖ్యమంత్రి ప్రకటించగానే, జీవో రాగానే కేసు పోయిందనుకుంటారు. అలా జరగదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ తన విచక్షణతో కోర్టులో పిటిషన్ వేయాలి, న్యాయమూర్తి ఒప్పుకోవాలి. అభియోగాలు ఖరారు కాకముందైతే నిందితుణ్ని విడిచిపెడతారు, ఖరారయ్యాకైతే నిర్దోషిగా ప్రకటిస్తారు. ఈ రెండో ఫలితం రాష్ట్రపతి క్షమాభిక్ష కన్నా విలువైనది. క్షమాభిక్ష పొందినవాడి మీద ఒకప్పుడు దోషి అన్న చరిత్ర ఉంటుంది, ఇక్కడ అదీ ఉండదు. కొత్త స్మృతి ఒక మంచి పని చేసింది: బాధితుడి మాట వినకుండా ఉపసంహరణకు అనుమతించరాదని చేర్చింది. ఎంపీలు, ఎమ్మెల్యేల కేసులను హైకోర్టు అనుమతి లేకుండా వెనక్కి తీసుకోరాదని 2021 ఆగస్టు 10న సుప్రీంకోర్టు కూడా కట్టడి చేసింది.

రైల్‌రోకో కేసులు చిక్కుకున్నది కూడా ఈ సెక్షన్‌లోనే. నేరం కేంద్రం అధికార పరిధిలోని చట్టం కిందిదైతే, లేదా దర్యాప్తు కేంద్ర సంస్థదైతే, కేంద్రం అనుమతి లేకుండా రాష్ట్రం నియమించిన ప్రాసిక్యూటర్ పిటిషన్ వేయలేడు. రాజీవ్ రహదారి మీద కూర్చున్నవాడికి హైదరాబాద్ సంతకం చాలు. పట్టాల మీద కూర్చున్నవాడికి ఢిల్లీ సంతకం కావాలి.

బొగ్గు బెల్టులో ఈ చిక్కు ఇప్పుడు మరో రూపంలో వచ్చింది. 2025 అక్టోబర్‌లో మావోయిస్టు నేత, పెద్దపల్లి బిడ్డ మల్లోజుల వేణుగోపాల్ 60 మందితో కలిసి గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించారు. అదే నెల 28న పెద్దపల్లి జిల్లాకే చెందిన పుల్లూరి ప్రసాదరావు, సింగరేణి కార్మిక సమాఖ్య నుంచి ఎదిగిన మందమర్రికి చెందిన బండి ప్రకాష్ తెలంగాణ డీజీపీ ముందు లొంగిపోయారు. దశాబ్దాల తర్వాత ఇళ్లకు తిరిగొస్తున్నవాళ్ల కోసం ఎదురుచూసే కుటుంబాలు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు. లొంగిపోతే అన్నీ మాఫీ అయిపోతాయన్న మాట అలాంటి ఇళ్ల చుట్టూ తిరుగుతుంది. చట్టం అలా చెప్పడం లేదు. లొంగుబాటు, పునరావాసం ప్రభుత్వ విధానం. అది సాయం ఇస్తుంది, రక్షణ ఇస్తుంది, దానంతట అది ఒక్క కేసును కూడా రద్దు చేయదు. తీవ్రమైన నేరాల కేసులు కోర్టుల్లో కొనసాగవచ్చని కేంద్రం మార్గదర్శకాలే చెబుతాయి. వాటిని ఎత్తేయాలన్నా దారి మళ్లీ 360 ఒక్కటే. ఎన్ఐఏ దర్యాప్తు కేసుల్లో దానికి కేంద్రం అనుమతి తప్పదు. కేసులు పలు రాష్ట్రాల్లో ఉంటే ప్రతి రాష్ట్రంలోనూ, ప్రతి కోర్టులోనూ విడివిడిగా పిటిషన్ పడాలి. అడవి దాటి వచ్చినవాళ్లకు ఈ సంగతి లొంగుబాటు వేదిక మీదే, రాతపూర్వకంగా చెప్పాలి. ఏ కేసును ఎత్తేస్తారో, దేన్ని ఎత్తేయరో తెలియకుండా మిగిలిన జీవితాన్ని ఎవరూ మొదలుపెట్టలేరు.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద లెక్క. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే 75.8 శాతం, ప్రతి నలుగురిలో ముగ్గురు. 72, 161 అధికరణల కరుణ చేరేది ఆ నాలుగో మనిషికే. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో సత్ప్రవర్తన కింద 213 మంది ఖైదీలను విడుదల చేసింది, వాళ్లలో 205 మంది యావజ్జీవం పడ్డవాళ్లు. వాళ్ల ఇళ్లలో ఆ రోజు పండగే అయి ఉంటుంది, అది మంచి నిర్ణయమే. కానీ అదే జైలులో, ఇంకా నేరం రుజువు కానివాడు ఆ జాబితాలోకి రాలేడు. దోషిగా తేలినవాడికి దయకు అర్హత ఉంది, తేలనివాడికి లేదు.

దీనికి మందు ముందస్తు క్షమాభిక్ష కాదు. నేరం చేయనివాడు చేసినట్టు తలవంచి దయ అడుక్కోవాల్సిన పని ఎందుకుండాలి? అతనికి కావాల్సింది గడువులోగా విచారణ, అది జరగకపోతే విడుదల. నాగరిక్ సురక్షా సంహితలో దాని సెక్షన్ నంబర్ 479. నేరానికి గరిష్ఠంగా ఎంత శిక్ష ఉందో అందులో సగం కాలం విచారణ ఖైదీగా గడిపినవాణ్ని బెయిలుపై విడిచిపెట్టాలి. అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడైతే మూడో వంతు చాలు. ఉదాహరణకు 3 ఏళ్ల వరకు శిక్ష ఉన్న దొంగతనం కేసులో మొదటిసారి పట్టుబడ్డవాడికి గడువు ఏడాదితో తీరుతుంది. ఉరి లేదా యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. గడువు తీరగానే కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత ఖైదీది కాదు, జైలు సూపరింటెండెంట్‌ది. 2024 జూలై 1కి ముందు నమోదైన కేసులకూ ఇది వర్తిస్తుందని అదే ఏడాది ఆగస్టు 23న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఈ సెక్షన్‌లో ఒక పెద్ద కంత ఉంది. ఒకటి కన్నా ఎక్కువ నేరాల్లో, లేదా ఎక్కువ కేసుల్లో విచారణ పెండింగ్‌లో ఉన్నవాడికి దీని కింద విడుదల లేదు. ఒక్క ఘటనకే నాలుగైదు సెక్షన్లు పెట్టడం, ఒక్క ఉద్యమానికే ఒక మనిషి మీద వేర్వేరు ఠాణాల్లో కేసులు పెట్టడం మనకు అలవాటైన పద్ధతి. అంటే ఎవరికి ఈ నియమం అన్నిటికన్నా అవసరమో వాళ్లకే తలుపు మూశారు. పార్లమెంటు ఈ ఉపనిబంధనను తిరిగి చూడాలి. అప్పటిదాకా గడువు దాటిన ఖైదీ కుటుంబం చేయగలిగిన పని ఒకటుంది: మామూలు బెయిలు పిటిషన్‌లోనే జైలులో గడిచిన రోజుల లెక్కను, కేసువారీగా, కోర్టు ముందు పెట్టడం. వకీలును పెట్టుకునే స్థోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఫోన్ నంబర్ 15100.